బయానా మరలించు హక్కు

మన మహాసభలలో ఏటేట రెండు తీర్మానములు తప్పక వచ్చుచుండును. మన బిడ్డలకు ఉద్యోగములు దొరకవలెనని యొకటి; మన కులవృత్తియగు నేత నశింపక నిలువవలెనని రెండవది. రెండును కరతాళధ్వనుల నడుమ నెగ్గును. బిడ్డలందఱును ఉద్యోగములకు బోయిన పిమ్మట మగ్గమునొద్ద కూర్చుండువాడెవడో చెప్పవలసిన పని యే వక్తకును కలుగదు. ఈ యేటి సంచికకు చరిత్రవిషయమై యొక వ్యాసము వ్రాయుడని కార్యదర్శిగారు మమ్ము కోరగా, ఆ రెండు తీర్మానముల నడుమనున్న సందును గూర్చియే వ్రాయుదమని నిశ్చయించితిమి.

ఆ సందులో ఇటీవల కొందఱు యువకులు నిలిచియున్నారు. కలికిరి, వాయల్పాడు, మదనపల్లె ప్రాంతములలో పుట్టి, చదువుకొని, బెంగుళూరునకు బోయి, అచ్చటి కంపెనీలలో మంచి జీతములు తెచ్చుకొనుచున్నవారే, ఆ జీతమును విడిచి తమ పని తాము చేసికొందుమనుచున్నారు. తల్లిదండ్రులు గుండెలు బాదుకొనుచున్నారు. కంపెనీ కొలువును చేజేతుల విడుచుకొనువాడు వెఱ్ఱివాడని పెద్దలు తీర్పు చెప్పుచున్నారు. కాని మన కులమునకు కంపెనీ కొలువు నిన్న మొన్న కలిగినది కాదు. మన తాతముత్తాతలు దానిని కుంఫిణీ యనిరి. ఆ కుంఫిణీకి మనవారెట్లు పని చేసిరి, ఎట్లు చిక్కుపడిరి, ఎట్లు బయటపడిరి యనునది తెలిసికొన్న పిమ్మట గదా నేటి బిడ్డలను వెఱ్ఱివారనుటయో, వివేకులనుటయో!

సంస్కృతము చదివినవారము గనుక మొదట శాస్త్రముల మాట రెండు పలుకక మానజాలము. కౌటిల్యుని యర్థశాస్త్రము బహుకాలము పేరుమాత్రముగా నుండి, మైసూరులో ఆర్. శామశాస్త్రిగారి చేతబడి 1909లో అచ్చైనది. అందు సూత్రాధ్యక్షుడను నధికారి యొకడు కలడు. నూలు వడికించుట, బట్టలు నేయించుట వాని పని. నూలు సన్నదనమునుబట్టి కూలి యీయవలెను. ఇల్లు వెడలి రాని స్త్రీలకు దాసీల మూలమున పని పంపవలెను. కూలి యిచ్చుటకు ఆలస్యము చేసినచో నధికారికే దండనము. నేర్పుగ నేసినవారికి గంధమాల్యాదులిచ్చి సంతోషపెట్టవలెనట! నేటి కంపెనీలు పండుగకు మిఠాయిపెట్టెలు పంపుట క్రొత్త తంత్రము కాదన్నమాట. ఇంతవఱకు బాగుగనే యున్నది. కాని కూలి తీసికొని పని చేయనిదానికి బొటనవ్రేలు తెగగొట్టుట శిక్షయని అదే యధ్యాయమున నున్నది. గంధమును గండ్రగొడ్డలియు నొకే చేతిలో నున్నవి.

యాజ్ఞవల్క్యుడు కొంత దయాళువు. జీతము ముందుగా గైకొని నడుమ పని మానినవాడు దానికి రెట్టింపు చెల్లింపవలెననియు, గైకొనక మానినవాడు జీతమునకు సరిసమానమగు సొమ్మీయవలెననియు విధించెను. అనగా కొలువు విడుచుటకు శాస్త్రము వెల కట్టినదే గాని దానిని పాపమనలేదు. ఈ వెల మాట పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. ముందు దీనితో పని యున్నది.

ఇంకొక శాసనపు ముచ్చట. మాళవమునందలి దశపురము, నేటి మందసోరు, అచ్చట క్రీ.శ. 473 నాటి శిలాశాసన మొకటి కలదు. వత్సభట్టి యను కవి దానిని రచించెను. లాటదేశమునుండి పట్టునేతగాండ్ర శ్రేణి యొకటి ఆ పురమునకు వలసవచ్చి, 436 ప్రాంతమున సూర్యదేవాలయమును గట్టించి, తరువాత దానిని మరల బాగుచేయించిన వృత్తాంతమది. మాకు మిక్కిలి యాశ్చర్యము గొలిపినది దేవాలయము కాదు. ఆ శ్రేణిలో కొందఱు విలువిద్యను, కొందఱు జ్యోతిషమును, కొందఱు కథలు చెప్పుటను అవలంబించిరనియు, తక్కినవారు నేతయందే నిలిచిరనియు శాసనము స్పష్టముగ చెప్పుచున్నది. ఏ పని చేసినను వారందఱు నొకే శ్రేణివారు. ఒకే గుడికి చందా వేసికొన్నవారు. వృత్తి మార్చిన బిడ్డను కులద్రోహియని మన సభలలో కంఠమెత్తి పలుకువారు ఈ శాసనమునొకమారు చదువుకొన్న బాగుండును.

ఇక మన తీరమునకు వత్తము. పదునేడు, పదునెనిమిదవ శతాబ్దులలో చోళమండలపు బట్ట లోకమంతట ప్రసిద్ధి గాంచినది. ఇంగ్లీషువారు, వలందావారు, పరాసువారు, స్వదేశవర్తకులు, అందఱును మన మగ్గపు గుంటల చుట్టు తిరిగినవారే. వ్యాపారము నడచిన పద్ధతి యిది. వర్తకుడు నేతగానికి ముందుగా కొంత సొమ్మిచ్చును, అదియే బయానా. ఆ సొమ్ముతో నూలు కొని, ఇల్లు గడుపుకొని, నేతగాడు బట్టను ముగించి యప్పగించును. ఇందులో నొక సంప్రదాయము పాదుకొనియుండెను. నడుమ వేఱొకడు హెచ్చు ధర చూపినను, మనసు మాఱినను, నేతగాడు బయానా సొమ్మును మరలించి బేరము త్రెంచుకొనవచ్చును. వర్తకునికి మాత్రము అట్లు త్రెంచుకొను వీలు లేదు. ధర పడిపోయినను ఒప్పుకొన్న బట్టను తీసికొనవలసినదే. యాజ్ఞవల్క్యుడు రెట్టింపనెను; మన తీరమున తీసికొన్నది తిరిగి యిచ్చిన చాలునన్నారు. ఈ సంప్రదాయము ఏ స్మృతిలోను లేదు. మన పూర్వులు తమ చేతిపని బలముచేత సంపాదించుకొన్న ధర్మమిది.

ఆ బలమెక్కడిదందురా? కొనువారు పలువురు, నేయువారు కొందఱు. అదికాక మగ్గము గొప్ప యంత్రము కాదు. నాలుగు కఱ్ఱలు, ఒక పన్నె, ఒక నాడె, మోకాలిలోతు గుంట. ఊరి పెత్తనదారు వేధించినచో రాత్రికి రాత్రి మగ్గము విప్పి బండిపై వేసికొని వేఱొక సీమకు బోయి గుంట త్రవ్వుకొన్న సరిపోవును. కావున పాలకులే మనవారిని పిలిచి యిండ్లు కట్టించి యిచ్చుచుండిరి. కుంఫిణీవారును చెన్నపట్టణమున నట్లే చేసిరి. గవర్నరు కాలెట్టు తిరువొత్తియూరునొద్ద నేతవారికై వెలయించిన పేట ఆయన పేరనే కాలడిపేటయైనది. 1734లో గవర్నరు పిట్టు కాలమున, పూర్వము కుంఫిణీకి ప్రధానవర్తకుడుగా నుండిన సుంకురామశెట్టి తోటలో, నేతవారికిని నూలువడుకువారికిని మఱియొక పేట వెలసినది. అదియే చింతాద్రిపేట. చిన్న తఱి పేట యనగా చిన్న మగ్గముల పేటయని అఱవవారి వ్యుత్పత్తి. ఆనాడు కుంఫిణీ మనలను బ్రతిమాలుకొన్నది.

బ్రతిమాలుట మాని బెదరించుట యెప్పుడు మొదలయ్యెనో చూడుడు. పదునెనిమిదవ శతాబ్ది యుత్తరార్ధమున పరాసు, వలందా వర్తకులు వెనుకబడిరి. కొనువాడొక్కడే మిగిలెను. ఆ కొనువాడే రాజుగూడ నయ్యెను. 1792లో టిప్పూసుల్తానుతో జరిగిన సంధివలన, కుప్పమునకు ఆనుకొనియున్న బారామహలు కుంఫిణీ వశమయ్యెను. 1800లో నిజాము దత్తముచేసిన మండలములతోపాటు మన గుఱ్ఱముకొండ సీమయు వచ్చెను. కొలత కోలయు, కొరడాయు, కచ్చేరియు నొకనికే దక్కినవి. నడుమనుండిన స్వదేశవర్తకులను తొలగించి, కుంఫిణీ తన గుమాస్తాల ద్వారమున నేతవారికి నేరుగా బయానా పంచసాగెను. నేరుగా ననిన మాట వినుటకింపుగ నుండును; దళారీ పోయినాడని సంతోషింపబుద్ధి పుట్టును. కాని దళారీతోపాటు బయానా మరలించు హక్కును పోయినది.

ఇది మేము కల్పించి చెప్పుమాట కాదు. బారామహలులో ఏండ్లతరబడి పని చేసి, తరువాత దత్తమండలముల కలెక్టరై, మన జిల్లాలలో నేటికిని మన్రోలయ్య యనిపించుకొనుచున్న థామస్ మన్రోగారే 1813లో ఇంగ్లండు పార్లమెంటు విచారణలో సాక్ష్యమిచ్చిరి. బారామహలులో కుంఫిణీ నౌకరులు ముఖ్యులగు నేతవారిని ప్రోగుచేసి, కుంఫిణీకి దక్క నన్యులకు బట్ట నేయమని యొడంబడిక వ్రాసి యిచ్చువఱకు వారిపై కావలి పెట్టుచుండిరని ఆయన వాక్కు. ఒకమారు బయానా పుచ్చుకొన్నవాడు ఆ ఋణమునుండి తప్పించుకొనుట యరుదనియు, బట్ట ఆలస్యమైనచో వాని యింటికి బెత్తముతో బంట్రోతును పంపుదురనియు, ఆ బంట్రోతు ఖర్చు దినమునకొక అణా నేతగానిపైనే వేయుదురనియు ఆ విచారణయందే తేలినది. తన్ను కొట్ట వచ్చినవానికి తానే కూలి యిచ్చుట! కౌటిల్యునికిని తోపని తంత్రమిది.

బొటనవ్రేలి ప్రసక్తి యిచ్చట మరల వచ్చుచున్నది. వంగదేశమున కుంఫిణీ కొలువులోనే యుండి, దానితో కలహించి బయటపడిన విలియం బోల్ట్సు అను నతడు 1772లో ఒక గ్రంథము వ్రాసెను. పట్టుదారము తీయువారు బలవంతపు పనినుండి తప్పించుకొనుటకై తమ బొటనవ్రేళ్లను తామే కోసికొనిరని అందు చెప్పినాడు. కుంఫిణీవారు నేతగాండ్ర వ్రేళ్లు నఱికిరని మన సభలలో తఱచుగ వినవచ్చుకథకు మూలమిదియే. నిజమైన మాట ఆ కథకంటె భయంకరముగ నున్నది. కొలువు విడుచుటకు వేఱు దారి కానరాక, కొలువునకు మూలమైన వ్రేలినే విడుచుకొన్నారు.

మనవారందఱును తలలు వంచిరనుకొనరాదు. 1798లో గోదావరీ ప్రాంతపు నేతవారు కుంఫిణీ పద్ధతులపై తిరుగబడిరి. విశాఖమండలమునను తరువాతి కాలమున నట్టి యలజడి కలిగినది. వీరు జీతము పెంచుమని మాత్రమే యడుగలేదు. తమ బట్టను తమకు నచ్చినవానికి అమ్ముకొననిమ్మనిరి. మా యభిప్రాయమున ఆంధ్రదేశమున స్వతంత్రవృత్తికై జరిగిన తొలిపోరాటములలో నివి చేర్చదగినవి. మన పాఠ్యపుస్తకములలో వీనికి రెండు పంక్తులైనను చోటు చాలదు.

పోరాటమువలన గాని దయవలన గాని కాక, వేఱొక కారణముచే మనవారికి విడుదల కలిగెను. 1813 నాటి చట్టముచే కుంఫిణీవారి భారతవర్తకపు గుత్త తొలగినది. 1833 నాటి చట్టముచే వారి వర్తకమే ముగిసినది. గుమాస్తాలు పోయిరి, బంట్రోతులు పోయిరి, బెత్తములు పోయినవి. ఎవనికి కావలసిన వానికి బట్ట నమ్ముకొనవచ్చును. కాని కొనువాడేడి? మాంచెస్టరు యంత్రపు బట్ట రేవులలో దిగుచుండెను. మగ్గమునకు పన్ను, మొహతర్ఫా యనునది, మాత్రము కొంతకాలము నిలిచియుండెను. కొలువు పోయిన పిమ్మట కొలువు చేయువాడు స్వతంత్రుడగునా, నిరాధారుడగునా? రెండు మాటలును ఒక్కటేయని భ్రమించువారు ఆ యేండ్ల చరిత్రను చూడవలెను. స్వాతంత్ర్యము కోరినపుడు చేతిలో బేరము లేకపోయెను; బేరము పోయినపుడు స్వాతంత్ర్యము వచ్చి గడపలో కూర్చుండెను.

మగ్గమునే కాదు, కలమును బట్టినవారికిని ఈ గతి పట్టినది. కావలి వెంకట లక్ష్మయ్యగారు, వారి సోదరులు, కర్నలు మెకంజీదొర క్రింద కొలువు చేసి, దక్షిణదేశమంతట శాసనములు, కైఫీయత్తులు సంపాదించి పెట్టిరి. దొర 1821లో చనిపోయెను. తెలిసిన పని, తిరిగిన యూళ్లు, పరిచితులగు పండితులు, అన్నియు లక్ష్మయ్యగారి చేతనున్నవి. ఆ పనిని తామే సాగింతుమని వారు ఏండ్లతరబడి ప్రయత్నించిరి. 1830ల దశకమున వంగదేశపు ఏషియాటిక్ సొసైటీ ఆ విన్నపమును విచారించి, దేశీయుడొకడు స్వయముగ నింతటి పని నడపగలడని నమ్మజాలక త్రోసిపుచ్చెను. విద్య యున్నది, అనుభవమున్నది; సొమ్మును నమ్మకమును పెట్టువాడు లేడు. మా వంటి బడిపంతుళ్లకు ఈ కథ చదివినపుడెల్ల మనసు కలుక్కుమనును.

అయినను నేతవృత్తి చావలేదు. మిల్లునూలు కొని, మిల్లు నేయలేని అంచులు, బుటాలు, కొంగులు నేసి మనవారు బ్రతికిరి. ఇరువదవ శతాబ్ద్యారంభమున మన పొరుగున నొక వింత జరిగినది. ఆల్ఫ్రెడ్ చాటర్టన్ అను నింగ్లీషు యింజనీరు, చెన్నపురి ప్రభుత్వపక్షమున, 1906 ప్రాంతమున సేలములో చేమగ్గముల కర్మాగారమును పెట్టించెను. ఎగురునాడె మగ్గములు, మంచి వెలుతురు గల కొట్టము, నెలకూలి. జాన్ కే యను నతడు 1733లో కనిపెట్టిన ఆ యెగురునాడె మనవారికి నచ్చినది, కర్మాగారము నచ్చలేదు. వచ్చినవారు కొంతకాలము పని చేసి, యిల్లు చేరుకొనుచుండిరి. గంట కొట్టగానే వచ్చుట, గంట కొట్టువఱకు కదలకుండుట వారికి పొసగలేదు. కొలది యేండ్లకే కర్మాగారము మూతపడెను. సాలెవారు సోమరులని కొందఱు దొరలు వ్రాసిరి.

సోమరితనము కాదు, లెక్క. మగ్గము ఒక్కని పని యనుకొనువారికి మగ్గము తెలియదు. ఇల్లాలు కండెలు చుట్టును. ముసలితండ్రి పడుగు సరిచేయును. పిల్లవాడు బడినుండి వచ్చి దారము లతుకును. ఇంటిలోని మగ్గము నలుగురి చేతులకు విలువ కట్టును. కర్మాగారపు మగ్గము ఒక్కనికే కూలి యిచ్చును; తక్కిన మువ్వురిని పనిలేనివారిని చేయును. సేలము నేతగాడు ఇంటికి బోయినపుడు జీతమును విడువలేదు, మూడు జీతములను మరల సంపాదించుకొన్నాడు. ఎగురునాడెను మాత్రము చంకబెట్టుకొని పోయినాడు! కొలువులో నేర్వదగినది నేర్చి, విడువదగినది విడుచుట యనగా నిదియేయని మాకు తోచుచున్నది.

మదనపల్లెనంటియున్న నీరుగట్టువారిపల్లెలో పట్టుచీరల మగ్గములను చూచినవారికి నేటి స్థితి బోధపడును. మగ్గములు రెండు తెఱగులు. కూలిమగ్గము, సొంతమగ్గము. కూలిమగ్గపువానికి షావుకారు పడుగును, పేకను, జరీని, నమూనాను ఇచ్చును. చీర కోసి యిచ్చినపుడు మజూరీ ముట్టును. ఇల్లు తనదే, మగ్గము తనదే, చేయి తనదే. చీర మాత్రము తనది కాదు. పెండ్లికో, వైద్యమునకో షావుకారునొద్ద అడ్వాన్సు తీసికొనును. ఆ యడ్వాన్సు తీఱువఱకు వేఱొకనికి నేయరాదు. తీఱకమునుపే మఱియొక పెండ్లి వచ్చును. సొంతమగ్గపువాడు సిద్లఘట్ట, రామనగరము వైపునుండి వచ్చు పట్టును తానే కొని, తానే నేసి, తానే యమ్ముకొనును. పట్టు ధర రాత్రికి రాత్రి పెరిగినచో ఆ నష్టము వానిదే. చీరలు అమ్ముడుపోక బీరువాలో నున్నచో ఆ దిగులును వానిదే. ఇరువురిలో నెవ్వడు సుఖియని మమ్మడుగవలదు. కూలిమగ్గపువాడు నిద్రపోవును, సొంతమగ్గపువాడు కలలు కనును.

సహకారసంఘములు ఈ నడుమ దారిని చూపవచ్చినవి. 1904లో సహకారచట్టము పుట్టెను. 1935లో చెన్నరాష్ట్ర చేనేత సహకారసంఘము, 1976లో మన ఆప్కో వెలసినవి. ప్రగడ కోటయ్యగారు తమ జీవితమంతయు ఈ పనికి ధారపోసిరి. నూలు కొనుటలోను చీర యమ్ముటలోను పదుగురు కలిసిన బలమెట్టిదో ఆ సంఘములు చూపినవి. కాని కొన్ని సంఘములు సభ్యులకంటె అధ్యక్షులకే హెచ్చుగ అన్నము పెట్టినవని చెప్పక తప్పదు. దీనిని గూర్చి మన సభలోనే యొక దినము చర్చ జరుగవలెను, ఇక్కడ విస్తరింపము.

నేటి కంపెనీల కొలువు విడిచి నెగ్గినవారు లేరా యనినచో, ఉన్నారు. ఇరువురిని చెప్పుదుము. ఇరువురును మన కులమువారు కారు. విద్య నేర్చుకొనుటకు కులము చూడనక్కఱలేదు గదా. డాక్టరు కల్లం అంజిరెడ్డిగారు తాడేపల్లిలో పసుపుపైరు చేసిన రైతు కుమారుడు. సోవియటు రష్యా సాయముతో హైదరాబాదున వెలసిన ప్రభుత్వపు మందుల కర్మాగారము ఐ.డి.పి.ఎల్.లో 1969 మొదలు 1975 వఱకు కొలువు చేసిరి. తరువాత ఇతరులతో గూడి రెండు సంస్థలు నడిపి, 1984లో గాని తమ పేరి సంస్థను పెట్టలేదు. కొలువు విడుచుటకును సొంత గుమ్మము కట్టుటకును నడుమ దాదాపు తొమ్మిదేండ్లు! ఈ తొమ్మిదేండ్లను పత్రికలవారు రెండు పంక్తులలో దాటిపోవుదురు. అంతకుముందే 1970 నాటి పేటెంటు చట్టము 1972లో అమలునకు వచ్చి, మందుపై కాక మందు చేయు విధానముపై మాత్రమే పేటెంటు నిలిపినది. వేఱు విధానము కనుగొన్నవాడు అదే మందును చేసి యమ్ముకొనవచ్చునన్నమాట. బజారు ముందు తెఱచుకొన్నది. మనుష్యుడు తరువాత బయలుదేఱినాడు. 1833లో మనవారికి లోపించినది సరిగా నిదియే.

రెండవవారు మన చిత్తూరుసీమవారే, పేటమిట్టకు చెందిన గల్లా రామచంద్రనాయుడుగారు. అమెరికాలో విద్యుత్తు యింజనీరుగా చిరకాలము కొలువు చేసి, తిరిగివచ్చి 1985లో తిరుపతినొద్ద కరకంబాడిలో అమరరాజా సంస్థను స్థాపించిరి. పట్టణములోనో పరదేశములోనో కాక, పల్లెవారి బిడ్డలకు పని నేర్పి నిలుపుకొనదలచుట అందలి విశేషము. వీరు విడిచిపెట్టినది పెద్ద జీతము. కాని చేత పట్టుకొని వచ్చినది అంతకంటె పెద్దది, ఏండ్లతరబడి చేసిన పని. సేలము నేతగాని చంకలోని యెగురునాడె వంటిదే.

ఇట్లని మేము యువకులను రెచ్చగొట్టువారము కాము. ముప్పది సంవత్సరములకు పైగా నెలజీతము తిని, నేడు పింఛనుతో కాలము గడుపుచున్న బడిపంతులు సాహసమును గూర్చి యుపన్యసించుట హాస్యాస్పదము. జీతమువలననే మా యింట పొయ్యి వెలిగినది. ప్రభుత్వోద్యోగమువలన మన కులమున రెండు తరములు అక్షరాస్యులైరి. దానిని నిందించుటకు మాకు నోరాడదు.

మొన్నటి వేసవిలో మా పూర్వవిద్యార్థి యొకడు మా యింటికి వచ్చెను. బెంగుళూరులో నొక కంపెనీలో తొమ్మిదేండ్ల కొలువు. తండ్రి నీరుగట్టువారిపల్లెలో కూలిమగ్గము నేయుచున్నాడు. ఉద్యోగము మాని, తండ్రితో గూడి అయిదు సొంతమగ్గములు పెట్టి, చీరలను నేరుగా కొనువారికే యమ్మవలెనని వాని సంకల్పము. ఊరిలో నెవ్వరును ఒప్పుకొనలేదట. "మీరేమందురు, అయ్యవారూ?" అని యడిగినాడు.

"నాయనా, నీ బయానా యెంత?" అంటిమి.

వానికి మొదట నర్థము కాలేదు. పైని వ్రాసిన కథనంతయు చెప్పిన పిమ్మట కొంతసేపు మౌనముగ నుండి, వ్రేళ్లపై లెక్కింప మొదలిడెను. కంపెనీకి మూడు మాసములు ముందుగ తెలుపవలెను, అది స్వల్పము. కాని కంపెనీ జీతమును చూచి బ్యాంకువారు ఇచ్చిన ఋణముతో బెంగుళూరున నొక ఫ్లాటు కొన్నాడు. ఇంకను పదునాలుగేండ్లు నెలనెల కట్టవలెను. కారు ఋణము వేఱు. తండ్రి షావుకారునొద్ద తీసికొన్న అడ్వాన్సు వేఱు. కంపెనీ వాని చేతులు కట్టలేదు; వాడెప్పుడైనను రాజీనామా వ్రాయవచ్చును. వాని యింటికి బెత్తము పట్టుకొని యే బంట్రోతును రాడు. నెల యయిదవ తేదీన బ్యాంకు తానే సొమ్ము కోసికొనును, అంతే. దినమునకొక అణా యన్న మాట తలంపునకు వచ్చి మేమిరువురమును నవ్వుకొంటిమి. ఆ నవ్వులో పస లేదు.

వాడు వెంటనే రాజీనామా వ్రాయలేదు. తండ్రి అడ్వాన్సును మొదట తీర్చినాడు. మూడు తరములలో మొట్టమొదటి మారు ఆ యింటి మగ్గము ఎవ్వరికిని బాకీ లేకుండ నిలిచినది. ఆ మరునాడు తండ్రి నేయుటకు కూర్చుండక గుంట గట్టుపై ఊరక కూర్చుండెనట. ఎవనికి నేయవలెనో తోపలేదని చెప్పెనట. ఫ్లాటును అమ్మకమునకు పెట్టినారు. కోడలికది యిష్టములేదు; ఆమె మాటయు న్యాయమే, ఇద్దఱు పిల్లల బడి అక్కడనే యున్నది. ఆమె బెంగుళూరునందే యుండి తన కొలువు తాను చేయుచు, చీరల యమ్మకమును అక్కడనుండి చూచుకొనుటకు ప్రస్తుతమొప్పందమైనది. శనివారము సాయంకాలము వాడు బస్సెక్కి మదనపల్లెకు వచ్చి, ఆదివారమంతయు మగ్గమునొద్ద నుండి మరలిపోవుచున్నాడు. అయిదు మగ్గములనుకొన్నది రెండయినవి. రెండవదానికి ఈ శ్రావణమాసమునకు ముందే పడుగెక్కినది. సిద్లఘట్ట పట్టు, సొంత సొమ్ముతో కొన్నది. మొదటి చీర అంచునకు తండ్రి పాతకాలపు రుద్రాక్షబుటా వేయుదమనగా, కుమారుడు అట్టి చీర యెవ్వరును కొనరని వాదించినాడు. తండ్రియే నెగ్గినాడని విన్నాము.